ఆరంభించి పరిత్యజింతురు... ఆ తరువాత ఒక అక్షరం తక్కువ పడుతోంది

పశ్చిమ గ్యాలరీ:
కోల్‌కతా వేదికగా మన బెంగళూరు ఎఫ్‌సీ, మోహన్ బగాన్ ఆడిన 2025 ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫుట్‌బాల్ ఫైనల్ చూసినప్పటి నుంచి ఒక పద్యపాదం నన్ను పట్టుకుని వదలడం లేదు. మ్యాచ్ సంగతి బెంగళూరులో ఉన్నవాళ్ళకు చెప్పనక్కరలేదు. 49వ నిమిషంలో రయాన్ విలియమ్స్ కొట్టిన క్రాస్ మోహన్ బగాన్ డిఫెండరుకు తగిలి వాళ్ళ గోల్‌లోనే పడింది. 72వ నిమిషంలో పెనాల్టీతో స్కోరు సమమైంది. అదనపు సమయంలో, 96వ నిమిషంలో మెక్‌లారెన్ గోల్. 2-1తో కప్పు వాళ్ళది. పక్కన కూర్చుని చూసిన మిత్రుడు మన ఆటగాళ్ళను గోల్‌కీపర్ నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరినీ తూకం వేశాడు. చివరికి "వీళ్ళంతా ఆరంభించి పరిత్యజించే మధ్యములు" అని తీర్పు చెప్పాడు. ఆ తీర్పు నాకు మింగుడుపడలేదు. నీచులు మొదలే పెట్టరు, మధ్యములు మొదలుపెట్టి వదిలేస్తారు, ధీరులు వదలరు అని చెప్పే పద్యం అది, భర్తృహరి శ్లోకానికి ఏనుగు లక్ష్మణకవి తెలుగు. ఇంటికి వచ్చి దాన్ని గుర్తుచేసుకుంటే మొదటి పాదం నిండుగా వస్తోంది:

ఆరంభింపరు నీచమానవులు విఘ్నాయాస సంత్రస్తులై

రెండోది మాత్రం "యారంభించి పరిత్యజింతురు విఘ్నాయత్తులై మధ్యముల్" అని నడుమ కుంటుతోంది. ఏ అక్షరం జారిపోయింది?

మల్లేశ్వరం మాస్టారు:
"రు" జారిపోయింది బాబూ. "పరిత్యజింతు రురు విఘ్నాయత్తులై". పరిత్యజింతురు, ఉరు కలిసి ఉత్వసంధి. రెండు "రు"లు పక్కపక్కన పడేసరికి నాలుక ఒకదాన్ని మింగేస్తుంది. బడిలో రాగం తీసి చదివించేవారు కాబట్టి "జింతూరు" అని సాగదీస్తే లోటు చెవికి తెలిసేది కాదు. ఈ పద్యం శార్దూలం, అందులో పదమూడో అక్షరం యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరాల్సిన చోటు. మొదటి పాదంలో "ఆ"కు "ఘ్నా"లోని ఆకారంతో, అంటే విఘ్న + ఆయాసలోని ఆకారంతో, మైత్రి. రెండో పాదంలోనూ అదే "ఘ్నా". వేళ్ళ మీద లెక్కపెట్టు: ఆ, రం, భిం, చి, ప, రి, త్య, జిం, తు, రు, రు, వి, ఘ్నా. పదమూడు. ఒక్క "రు" తీసేస్తే "ఘ్నా" పన్నెండో చోటికి వచ్చి యతి చెడుతుంది. ఇందులో చర్చకు తావు లేదు.

పశ్చిమ గ్యాలరీ:
తావు ఇప్పుడే మొదలైంది మాస్టారూ. ఉరు అంటే గొప్ప, పెద్ద. అంటే లక్ష్మణకవి దృష్టిలో మధ్యములు చిన్నాచితకా అడ్డంకికి చేతులెత్తేసేవాళ్ళు కారు, పెద్ద విఘ్నం వస్తేనే వదులుతారు. మా మిత్రుడు ఆ అక్షరం మింగేసి చదివాడు కాబట్టి ఆటగాళ్ళకు అన్యాయం చేశాడు. పరాయి ఊరు, ఎదుట ఆ సీజన్‌లో లీగ్ షీల్డు గెలిచిన జట్టు, గ్యాలరీలు నిండా వాళ్ళ జనం. అది ఉరువిఘ్నమే కదా?

యతిమైత్రి:
అంత బరువు ఆ "ఉరు" మీద పెట్టకండి. అది పాదపూరణం, గణం నింపడానికి వేసిన మాట. నాలుగో గణం సగణం, రెండు లఘువులూ ఒక గురువూ కావాలి. "రు" ఒక లఘువు, "వి" తరువాత సంయుక్తం వల్ల గురువు, మధ్యలో ఒక లఘువు లోటు. కవి సులువుగా దొరికే "ఉరు"ను అక్కడ దింపాడు. భర్తృహరి శ్లోకంలో ఏముంది? "ప్రారభ్య విఘ్నవిహతా విరమంతి మధ్యాః". అక్కడ ఉరువూ లేదు, గురువూ లేదు. పాదపూరణానికి వేసిన మాటలో మనస్తత్వశాస్త్రం వెతకడం ఎందుకు?

హిందూపురం రైలు:
యతిమైత్రి గారూ, లక్ష్మణకవి విషయంలో ఆ మాట తొందరపడి అనకూడదు. "తివిరి యిసుమున తైలంబు దీయవచ్చు" చూడండి. ఆ "తివిరి" గణం కోసం వేసిందే అనుకుంటారు చాలామంది. శ్లోకంలో "యత్నతః పీడయన్" అని ఉంది. యత్నతః అన్నదానికి తివిరి అచ్చమైన తెలుగు. మూడు లఘువుల్లో అంత పని చేసిన కవి ఇక్కడ చేతికందిన మాట పడేసి వెళ్ళిపోయాడంటే నేను నమ్మను. "విహతాః"లో "వి" ఉపసర్గ ఉంది. విశేషంగా దెబ్బతిన్నవారు అని. ఆ విశేషాన్నే విఘ్నం మీదికి మార్చి "ఉరు" చేశాడని నా అభిప్రాయం.

యతిమైత్రి:
"తివిరి" విషయంలో మీతో ఏకీభవిస్తాను. ఇక్కడ మాత్రం కాదు. ఉపసర్గను విశేషణంగా మార్చి అనువదించాడనడానికి అదే పద్యం అడ్డు వస్తుంది. మూడో పాదం చూడండి.

ధీరుల్ విఘ్ననిహన్యమానులగుచున్ ధృత్యున్నతోత్సాహులై

మధ్యములకు ఉరువిఘ్నాలు, ధీరులకు ఉత్త విఘ్నాలా? మీ లెక్క ప్రకారం పెద్ద కష్టం పడినవాడు మధ్యముడు, చిన్న కష్టం దాటినవాడు ఉత్తముడు అవుతాడు. పద్యం తలకిందులు కాదూ?

ఉల్సూరు చెరువు:
ఇది మంచి దెబ్బ. దీనికి ఎవరైనా జవాబు చెప్పాలి.

మల్లేశ్వరం మాస్టారు:
శ్లోకంలోని మూడో పాదం "విఘ్నైః పునః పునరపి ప్రతిహన్యమానాః". మళ్ళీ మళ్ళీ కొట్టబడుతూ అని. ఉత్తముడికీ మధ్యముడికీ భర్తృహరి పెట్టిన తేడా విఘ్నం సైజులో లేదు, అది ఎన్నిసార్లు వచ్చిందన్నదానిలో ఉంది. తెలుగులో ఆ "పునః పునః" జారిపోయింది. "నిహన్యమానులగుచున్" అన్న వర్తమానార్థంలో, ఆ "అగుచున్"లో, కొంత మిగిలింది. దెబ్బలు ఇంకా పడుతూనే ఉన్నాయి, వీళ్ళు ఇంకా ఆడుతూనే ఉన్నారు. కాబట్టి ఉరువు ఒక్క పెద్ద దెబ్బ, అగుచున్ ఆగని దెబ్బలు. యతిమైత్రి గారి ఆక్షేపణకు ఇది సమాధానం అవుతుందని నా నమ్మకం.

యతిమైత్రి:
సమాధానానికి దగ్గరగా ఉంది, సమాధానం కాదు. "అగుచున్" కూడా గణం కోసమేనని నేను అంటే?

మల్లేశ్వరం మాస్టారు:
అప్పుడు శార్దూలంలో కవి సొంతంగా రాసిన మాట ఒక్కటీ మిగలదు నాయనా.

జయనగర్ నాలుగో బ్లాకు:
ఎవరూ పట్టించుకోని మాట "ఆయత్తులై". మా ఇంట్లో "ఆయత్తం" అంటే సిద్ధం. పెళ్ళికి అంతా ఆయత్తమైంది అంటాం. విఘ్నాయత్తులు అంటే విఘ్నానికి ముందే సిద్ధపడినవాళ్ళని నాకు తోస్తుంది. వదిలేయడానికి సాకు ఎప్పుడు దొరుకుతుందా అని కాచుకుని ఉండే ఆటగాళ్ళు కనబడతారు చూడండి, వాళ్ళు. పెనాల్టీ పడగానే భుజాలు వాల్చేసేవాళ్ళు.

హిందూపురం రైలు:
వర్ణన బాగుంది అమ్మా, అర్థం మాత్రం అది కాదు. సంస్కృతంలో ఆయత్తం అంటే అధీనం. వేణీసంహారంలో కర్ణుడి మాట ఉండనే ఉంది: "దైవాయత్తం కులే జన్మ మదాయత్తం తు పౌరుషమ్". పుట్టుక దైవాధీనం, పౌరుషం నా అధీనం అని. విఘ్నాయత్తులు అంటే విఘ్నాలకు లొంగినవారు. ఏలకూచి బాలసరస్వతి, పుష్పగిరి తిమ్మన కూడా ఈ శతకాలను తెనిగించారు. బాలసరస్వతికి "సురభిమల్లా నీతివాచస్పతీ" మకుటం నాలుగో పాదంలో సగానికి పైగా తినేస్తుంది. లక్ష్మణకవికి మకుటం బెడద లేదు, నాలుగు పాదాలూ ఆయనవే. అంత చోటు చేతిలో ఉన్నవాడికి పాదపూరణాల అవసరం ఏమిటని కూడా ఆలోచించాలి.

పశ్చిమ గ్యాలరీ:
నాకు కావలసింది మధ్యముల సంగతి. మన వాళ్ళను ఆ కోవలో వేయవచ్చా, లేదా?

ఉల్సూరు చెరువు:
వేయవచ్చా అంటే, ముందు మధ్యముడంటే ఎవరో తిక్కనను అడగాలి. విరాటపర్వంలో ఉత్తరుడు. అంతఃపురంలో ఆడవాళ్ళ ముందు కౌరవులను గెలిచి వస్తానని బయలుదేరతాడు, అది ఆరంభం. సైన్యం కంటపడగానే "సైన్యమిది యే జేరంగ శక్తుండనే" అని రథం దిగి పరుగు తీస్తాడు, అది పరిత్యాగం. ఆ పద్యమూ శార్దూలమే, గమనించండి. భీష్మద్రోణకృపాది అంటూ ష్మకార ప్రాసతో, ఒక్కొక్క సమాసం సైన్యంలా మీదికి వచ్చి పడుతుంటే, చివర ఆ చిన్న తెలుగు పలుకు, "యే జేరంగ శక్తుండనే". భయపడిన పిల్లవాడి గొంతు అందులో వినిపిస్తుంది. నన్నడిగితే తెలుగులో ఓటమిని అంత దగ్గరగా చూసిన పద్యం ఇంకొకటి లేదు. సంస్కృత సమాసాలన్నీ శత్రువువి, తెలుగు క్రియ ఒక్కటే ఉత్తరుడిది.

అర్జునుడు వాడిని తిట్టి ఇంటికి పంపలేదు. పట్టుకొచ్చి పగ్గాలు చేతికిచ్చాడు. విల్లు పట్టలేనివాడు సారథిగా చక్కగా నిలిచాడు. ఇదే నేను జట్టు గురించి చెప్పేది. ఆటగాడు మధ్యముడు కాడు, వాడిని నిలబెట్టిన చోటు మధ్యమం. సురేష్ వాంగ్జమ్‌ను చూడండి. మిడ్‌ఫీల్డులో ఎదుటివాడి కాళ్ళ దగ్గర బంతి లాక్కుంటాడు, మళ్ళీ ముందుకు పరిగెత్తుతాడు. ముంబై మీద మన కంఠీరవ స్టేడియంలో 5-0తో గెలిచిన రోజు మొదటి గోల్ అతనిదే.

మల్లేశ్వరం మాస్టారు:
చోటు మార్చడం అంటే అప్పటి భారత ఫుట్‌బాల్ జట్టు కోచ్, మన హైదరాబాదు రహీం సాహెబును తలుచుకోవాలి. 1962 జకార్తా ఆసియా క్రీడలు. జర్నైల్ సింగ్ డిఫెండరు. తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం ఆయనను పక్కన కూర్చోబెట్టకుండా ఫార్వర్డుగా ఆడించాడు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1తో గెలిస్తే అందులో ఒక గోల్ జర్నైల్‌ది. విఘ్ననిహన్యమానులగుచున్ అన్న సమాసానికి నేను తరగతిలో ఎప్పుడూ ఇదే ఉదాహరణ చెప్పేవాడిని. తలకట్టుతో హెడరుకు ఎగరడమంటే ఏమిటో పిల్లలకు వెంటనే తెలిసేది.

జయనగర్ నాలుగో బ్లాకు:
అయితే ఉత్తరుడూ జర్నైలూ ఒకే కోవా? ఒకడు పారిపోతే పట్టుకొచ్చారు, ఇంకొకడు దెబ్బ తగిలినా పోలేదు. తిక్కన మీద ప్రేమతో ఉత్తరుడిని మరీ పైకెత్తుతున్నారు.

ఉల్సూరు చెరువు:
పైకెత్తింది తిక్కన, నేను కాదు.

యతిమైత్రి:
తిక్కనలోకి వెళ్ళిపోయాం, సరే. నాలుగో పాదాన్ని కూడా ఎవరైనా చూడాలి కదా.

ప్రారబ్ధార్థము లుజ్జగింపరు సుమీ ప్రజ్ఞానిధుల్ గావునన్

మూడో పాదంలో ధృతి, ఉత్సాహం ఉన్నాయి. నాలుగో పాదంలో కారణం చెప్పేటప్పుడు వాటిని పక్కనబెట్టి "ప్రజ్ఞానిధుల్ గావునన్" అన్నాడు. ధైర్యం ఉంది కాబట్టి వదలరు అనలేదు, ప్రజ్ఞ ఉంది కాబట్టి వదలరు అన్నాడు. శ్లోకంలో ఉన్నది "ఉత్తమజనాః" మాత్రమే, ప్రజ్ఞ ప్రసక్తి లేదు. పాదపూరణం అని నేను ఒప్పుకోని చోటు ఏదైనా ఉంటే ఇదే. ఇక్కడ కవి సొంత మాట ఉంది.

హిందూపురం రైలు:
"ఉరు" పాదపూరణం, "ప్రజ్ఞానిధుల్" సొంత మాట. ఈ విభజనకు ప్రమాణం ఏమిటో చెప్పగలరా?

యతిమైత్రి:
ప్రమాణం "గావునన్". కారణం చెబుతున్నానని కవే అంటున్నాడు. "ఉరు"కు అలాంటి సాక్ష్యం లేదు.

పశ్చిమ గ్యాలరీ:
ప్రజ్ఞ అన్న మాట దగ్గర నా మనసు తేలికపడింది. గోవాలో సెమీఫైనల్ రెండో మ్యాచ్ గుర్తు చేసుకోండి. మొదటి మ్యాచ్ మనం 2-0తో గెలిచాం, అక్కడ గోవా రెండు గోల్స్ కొట్టి రెండు మ్యాచ్‌ల మొత్తం స్కోరు సమం చేసింది. ఆట ఇక అదనపు సమయానికి వెళ్ళేలా ఉండగా ఇంజురీ సమయంలో మన సునీల్ ఛెత్రి హెడర్. నలభై ఏళ్ళ వయసులో. అది ఒంట్లో బలం వల్ల పడిన గోల్ కాదు, బంతి ఎక్కడికి వస్తుందో ముందే తెలిసి అక్కడ నిలబడినందువల్ల పడిన గోల్. మా మిత్రుడు తూకం వేసినప్పుడు ఫైనల్ ఒక్కటే తక్కెడలో పెట్టాడు, ఆ సెమీఫైనల్ పెట్టలేదు.

మల్లేశ్వరం మాస్టారు:
ఛెత్రి పుట్టింది సికింద్రాబాదులో, అది కూడా మీ మిత్రుడికి చెప్పు.

జయనగర్ నాలుగో బ్లాకు:
ప్రజ్ఞ అంటే ఛెత్రి ఒక్కడేనా? ఏళ్ళ తరబడి గోల్‌కీపర్ గురుప్రీత్ వెనక నిలబడి జట్టును అరచి సర్దింది ఏమిటి మరి? 2019 ఫైనల్లో 117వ నిమిషంలో రాహుల్ భెకే తలతో కొట్టి కప్పు తెచ్చింది కూడా ఈ గోవా మీదే. అతను డిఫెండరు. ప్రజ్ఞానిధుల్ బహువచనం, మరిచిపోకండి.

ఉల్సూరు చెరువు:
"ప్రారబ్ధార్థములు" కూడా బహువచనమే. ఒక్క ఫైనల్ కాదు, మొదలుపెట్టినవన్నీ. అయితే ఇక్కడ నాకు ఒక సందేహం. "ఉజ్జగించు" అంటే వదలడమని నిఘంటువు చెబుతుంది. రెండో పాదంలో "పరిత్యజించు" కూడా వదలడమే. కవి మధ్యములకు సంస్కృత క్రియ, ఉత్తములకు తెలుగు క్రియ ఎందుకు ఇచ్చాడు? ఇది గణం కోసమా, భావం కోసమా?

యతిమైత్రి:
గణం కోసం.

హిందూపురం రైలు:
భావం కోసం. రాత్రి వివరంగా రాస్తాను.