సగం మందికి వచ్చిన ప్రశ్నే, కానీ మంచి పిల్లల్ని పట్టడం లేదు. లోపం ఎక్కడ?

గుంటూరులో పదో తరగతి భౌతికశాస్త్రం, 60 మంది, 20 బిట్ల పరీక్ష. ఒక బిట్ దగ్గర ఆగిపోయాం, అనుభవమున్న మాస్టార్లు, మేడమ్‌లు చూసి చెప్పండి.

"ఒకేలాంటి రెండు బల్బులు బ్యాటరీకి శ్రేణిలో కలిపారు. మొదటి బల్బుకు ముందు 0.5 ఆంపియర్లు ఉంటే, రెండో బల్బు దగ్గర ఎంత?" ఆప్షన్లు: 0.5, 0.25, 0, 1.

31 మంది సరిగ్గా (0.5) పెట్టారు, అంటే సులభతా సూచిక (సరిగ్గా పెట్టినవాళ్ల వంతు) 0.52. చూడ్డానికి బాగానే ఉంది. మొత్తం మార్కుల ప్రకారం పై 27 శాతం, కింది 27 శాతం (16 మంది చొప్పున) విడదీస్తే పైన 9, కింద 8 సరైనవి. విచక్షణ సూచిక (బాగా చదివేవాళ్లని మిగతావాళ్ల నుంచి బిట్ ఎంత విడదీస్తుందో చెప్పే అంకె) (9-8)/16, అంటే 0.06. కనీసం 0.2 అయినా లేకపోతే ఆ బిట్‌ని నమ్మలేం కదా.

పై గుంపులో మిగతా 7 మందీ 0.25 పెట్టారు. "బల్బు కరెంటును తినేస్తుంది" అనే అపోహ కోసమే ఆ ఆప్షన్ వేశాం, కాబట్టి తీసేయాలని లేదు. 1 మాత్రం ఒక్కరూ ముట్టలేదు, దాన్ని ఉంచడం దండగ.

అనుమానం "దగ్గర" అనే మాట మీదే: బల్బుకు ముందా, తర్వాతా, లోపలా? పటం గీసి ఏ, బీ బిందువులు గుర్తించి అడిగితే సరిపోతుందా? లేక 0.25 పెట్టినవాళ్లని కారణం చెప్పమని అడిగాకే మార్చాలా? 16 మంది గుంపులో ఇద్దరు అటూఇటూ అయినా సూచిక 0.12 మారుతుంది, ఇంత చిన్న తరగతిలో దాన్ని ఎంతవరకు పట్టించుకోవాలి?