సాఖర్ టోర్టె ఎవరిది: హోటల్‌దా, డేమెల్‌దా?

కృష్ణలంక_కుర్రాడు
కేకులో జామ్ ఒక పొరా, రెండు పొరలా అని కోర్టుకెక్కినవాళ్ల కథ ఇది. 1832లో వియన్నాలో ఆస్ట్రియా ఛాన్సలర్ మెటర్నిఖ్ ఇంట విందు. పెద్ద వంటవాడు మంచాన పడితే, 16 ఏళ్ల శిష్యుడు ఫ్రాంజ్ సాఖర్ ఈ చాక్లెట్ కేకు చేసిపెట్టాడంటారు. కొడుకు ఎడ్వర్డ్, డేమెల్ అనే పేరున్న మిఠాయి దుకాణంలో పని నేర్చుకుంటూ దానికి ఇప్పటి రూపం తెచ్చాడు. 1876లో ఒపేరా భవనం వెనకాల హోటల్ సాఖర్ తెరిచాడు. ఆయన తర్వాత భార్య ఆనా నడిపింది. ఆమె 1930లో పోయింది, 1934లో హోటల్ దివాలా తీసింది. వాళ్ల కొడుకు (ఆయన పేరూ ఎడ్వర్డే) డేమెల్‌లో చేరి, కేకు అమ్ముకునే హక్కు వాళ్లకిచ్చాడు. హోటల్ కొన్నవాళ్లేమో 1938లో 'ఒరిజినల్ సాఖర్ టోర్టె' అని ట్రేడ్‌మార్కు తీసుకున్నారు.

నా మాట ఒకటే. ఇంటి వంట ఇంటి మనిషి వెంటే పోతుంది. అందుకే డేమెల్‌దే అంటాను. కాదనేవాళ్లు రండి.

డాన్యూబ్_తీరం
నేను కాదంటాను. చితికిపోయిన హోటల్‌ని నిలబెట్టింది కొత్త యజమానులు. అసలు ఆ పేరుకి వెలుగు తెచ్చింది ఫ్రాంజ్ కాదు, ఆనా. చుట్ట కాలుస్తూ, బుల్‌డాగులను పెంచుకుంటూ, ప్రభువుల్నీ మంత్రుల్నీ తన భోజనశాలకు రప్పించుకున్న మనిషి. ఆ గోడల మధ్య పెరిగిన పేరు ఆ గోడలకే చెందుతుంది. 1963లో కోర్టు కూడా అదే తీర్పిచ్చింది.

వాయిదాల_వకీలు
తీర్పు కాదండీ, కోర్టు బయట రాజీ. యుద్ధం రోజుల్లో సద్దుమణిగిన గొడవ 1954లో మళ్లీ రాజుకుని తొమ్మిదేళ్లు నడిచింది. హోటల్‌వాళ్లు కేకును అడ్డంగా కోసి మధ్యలో కూడా జామ్ పూస్తారు. డేమెల్‌వాళ్లు పై పూత కింద మాత్రమే. వెన్న బదులు మార్జరిన్ వాడొచ్చా అనేదీ వాదనకొచ్చింది. రెండు చోట్లకీ తరచూ వెళ్లే రచయిత ఫ్రీడ్రిఖ్ టోర్‌బెర్గ్ ప్రమాణం చేసి మరీ చెప్పాడు, ఆనా బతికున్నప్పుడు ఆ కేకును మధ్యకు కోసేవాళ్లు కాదని. అంటే మీరు ఇంతగా పొగిడిన ఆనా కాలం కేకు ఇప్పుడు హోటల్లోనే దొరకదన్నమాట!

అయినా 'ఒరిజినల్' అనే మాటా గుండ్రటి ముద్రా హోటల్‌కే దక్కాయి. డేమెల్‌కి 'ఎడ్వర్డ్ సాఖర్ టోర్టె' అనే పేరూ, మూడుమూలల ముద్రా. పంచుకున్నది పేరునే. వంట మీద హక్కు ఎవరికీ రాలేదు.

పొయ్యి_పక్కన
ఇంతమంది మాట్లాడారు, పొయ్యి దగ్గరకు ఒక్కరూ రాలేదు. చాక్లెట్, వెన్న, పంచదార, మైదా, గుడ్లు. తెల్లసొన విడిగా నురగొచ్చేదాకా గిలకొట్టి కలపాలి, కేకు పొంగేది దానివల్లే. పై పూతలో క్రీము ఉండదు, పంచదార పాకంలో చాక్లెట్ కలిపి కాస్తారు. పూత కింద పూసిన ఆప్రికాట్ జామ్ వల్ల కేకు తొందరగా ఎండదు, పూత కూడా నున్నగా పరుచుకుంటుంది. క్రీము లేదు కాబట్టి ఫ్రిజ్ లేకున్నా రోజుల తరబడి నిలవుంటుంది. చెక్కపెట్టెల్లో పెట్టి దేశదేశాలకు పంపగలుగుతున్నారంటే అందుకే. కాబట్టి దీన్ని ఊరు దాటించింది ఆనా చుట్టా కాదు, కొడుకు సంతకమూ కాదు, ఆ పాకం.

పొడిపొడిగా ఉందని తిట్టేవాళ్లలో చాలామంది పక్కన పెట్టే తీపిలేని క్రీమును వదిలేసి తిన్నవాళ్లే. నా ఓటు మాత్రం రెండు పొరల జామ్‌కి, ఆనా ఒప్పుకోకపోయినా సరే.

చిత్తూరు_చిన్నోడు
తిరుపతి లడ్డూకి 2009లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది కదా అన్నా, బయటివాళ్లు ఆ పేరుతో అమ్మకూడదు. వీళ్లూ అలా చేసుకోవాల్సింది!

వాయిదాల_వకీలు
జీఐ ఊరితో ముడిపడిన సరుకుకి తమ్ముడూ. సాఖర్ ఊరు కాదు, ఇంటిపేరు. 'ఒరిజినల్' అని రాయనంతవరకు ఏ బేకరీ అయినా సాఖర్ టోర్టె అమ్ముకోవచ్చు. ఆస్ట్రియాలో సూపర్‌మార్కెట్లోనూ దొరుకుతుంది, ఇళ్లలోనూ చేసుకుంటారు. తలుపు మూసేసి ఉంటే అది ఒక హోటల్ మెనూలోనే ఉండిపోయేది.

డాన్యూబ్_తీరం
కుర్రాడు గారూ, ఇంటి మనిషి అన్నారు కదా. డేమెల్ 2002 నుంచి డో అండ్ కో అనే కేటరింగ్ కంపెనీ చేతిలో ఉంది. ఇప్పుడు రెండు చోట్లా సాఖర్లు లేరు.

కృష్ణలంక_కుర్రాడు
ఇప్పుడు లేకపోతేనేం, ఇచ్చిన రోజున ఇచ్చింది సాఖరే. దివాలా తీస్తే గోడలు పోతాయి, కుర్చీలు పోతాయి. నాన్న నేర్పిన చేతిపని కూడా వేలంలో పోతుందా?

డాన్యూబ్_తీరం
హోటల్ ఏటా 3,60,000కు పైగా కేకులు చేస్తోంది. వాకిట్లో క్యూ చూస్తే తెలుస్తుంది జనం ఎటున్నారో.

కృష్ణలంక_కుర్రాడు
కోల్‌మార్క్ట్ వీధిలో డేమెల్ ముందు మాత్రం క్యూ లేదా?

పొయ్యి_పక్కన
ఎందుకు లేదు, ఉంటుంది. కాకపోతే వాళ్లలో సగం మంది నిలబడేది కైజర్‌ష్మారన్ (ముక్కలు చేసిన తీపి పాన్‌కేక్) పొట్లం కోసం.