రెండు రోజుల నగర యాత్ర: ముందు ఏది ఖరారు చేసుకోవాలి?

ప్రశ్న:

నేనూ నా భార్యా శుక్రవారం రాత్రికి ఒక పెద్ద నగరానికి చేరుకుని, ఆదివారం రాత్రి తిరుగు ప్రయాణమయ్యేలా ఒక చిన్న యాత్ర అనుకుంటున్నాము. మరీ బిగపట్టుకోకుండా, అలాగని చేయి దాటిపోకుండా ఖర్చు చేయాలన్నది మా ఉద్దేశం. నగరం నడిబొడ్డున ఉన్న హోటళ్ల అద్దె శివారులోని వాటికి దాదాపు రెట్టింపు ఉంది కనుక, శివారులో దిగి, మిగిలిన సొమ్ముతో మరో రెండు ప్రదేశాలు చూడవచ్చని నాకు అనిపిస్తోంది. విమానాల్లో కూడా దూరపు విమానాశ్రయంలో దిగేవి చవకగా కనిపిస్తున్నాయి. విమానం, బస, ప్రవేశ టికెట్లు, వీటిలో ముందు ఏది ఖరారు చేసుకోవాలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం:

మీకు ఉన్నవి రెండు పగళ్లే కనుక, నిద్ర, స్నానం, భోజనం వంటివి పోగా నగరం చూడటానికి చేతికి వచ్చేది రోజుకు పది గంటల చొప్పున ఇరవై గంటలు. ప్రతి ధరనూ ఈ ఇరవై గంటల పక్కన పెట్టి చూడండి. శివారు నుంచి రావడానికి ముప్పావు గంట, పోవడానికి ముప్పావు గంట పడితే రెండు రోజుల్లో మూడు గంటలు బండిలోనే గడిచిపోతాయి. మధ్యాహ్నం గదికి వెళ్లి కాసేపు నడుం వాల్చే వీలు ఉండదు. రాత్రి చివరి రైలు తప్పిపోతే, అద్దెలో మిగిలించిన సొమ్ము ఒక్క టాక్సీ ప్రయాణానికే సరిపోవచ్చు.

అలాగని నడిబొడ్డునే దిగమని చెప్పను. మధ్యలో రైలు మారే పని లేకుండా నేరుగా కేంద్రానికి వెళ్లే మెట్రో లైను మీద, మూడు నాలుగు స్టేషన్ల అవతల వెతకండి. సామాన్లతో నడవాలి కనుక, స్టేషన్ నుంచి హోటలుకు పది నిమిషాలకు మించకూడదు. మీరు వెళ్లేది వారాంతం కాబట్టి కార్యాలయాలు ఎక్కువగా ఉన్న ప్రాంతాలను కూడా తప్పక చూడండి. అక్కడి హోటళ్లు పని దినాల్లో ఉద్యోగ పనుల మీద వచ్చేవారితో నిండి, శని ఆదివారాల్లో ఖాళీగా ఉంటాయి కనుక, మంచి గది తక్కువ అద్దెకు దొరికే అవకాశం ఉంది.

విమానం విషయంలో పేరు చూసి మోసపోవద్దు. ఫ్రాంక్‌ఫర్ట్ పేరు పెట్టుకున్న హాన్ విమానాశ్రయం ఆ నగరానికి సుమారు 120 కిలోమీటర్ల దూరంలో ఉంది. పారిస్ పేరుతో టికెట్లు అమ్మే బోవే కూడా 80 కిలోమీటర్లకు పైగా దూరమే. ఇద్దరికీ రానూ పోనూ బస్సు ఖర్చును టికెట్ ధరకు కలిపి, పోయే గంటలను కూడా లెక్క వేసిన తరువాతే పోల్చండి. వారం రోజుల యాత్రకైతే ఆ దూరాన్ని భరించవచ్చు గాని, రెండు రోజులకు అది తగదని నా గట్టి అభిప్రాయం.

ఇక వరుస సంగతి. ఏదైనా పెద్ద సదస్సో, క్రీడా పోటీయో ఉన్న వారాంతంలో అద్దెలు ఒక్కసారిగా పెరుగుతాయి. అందువల్ల విమానం టికెట్ కొనే ముందే ఆ తేదీల్లో గదుల ధర చూసి, ఉచితంగా రద్దు చేసుకోదగిన గదిని పట్టుకుని, ఆ తరువాత టికెట్ కొనండి. చవక టికెట్లకు సాధారణంగా డబ్బు తిరిగి రాదు కనుక, వెనక్కి తీసుకోలేని నిర్ణయాన్ని చివరకు ఉంచడమే క్షేమం.

మళ్లీ ప్రశ్న:

చాలా స్పష్టంగా చెప్పారు, ధన్యవాదాలు. అన్ని ప్రదర్శనశాలలకూ, రవాణాకూ కలిపి అమ్మే నగర పాసు తీసుకోవడం లాభమేనా?

సమాధానం:

పాసులో ఎన్ని ప్రదేశాలు ఉన్నాయని కాకుండా, వాటిలో మీరు నిజంగా చూడదలచినవి ఎన్నో రాసుకుని, వాటి విడి టికెట్ల మొత్తంతో పోల్చండి. రోజుకు రెండు పెద్ద ప్రదర్శనశాలలు చూస్తే కాళ్లూ కళ్లూ అలసిపోతాయి. పాసు గిట్టుబాటు కావాలంటే తరచుగా నాలుగైదు చూడవలసి వస్తుంది. పైగా కొన్నింటికి పైకమే అక్కరలేదు. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో శాశ్వత సేకరణలకు ప్రవేశం ఉచితం; మాడ్రిడ్‌లోని ప్రాడో ప్రదర్శనశాలలో రోజూ చివరి రెండు గంటలు ఉచితం, అయితే ఆ వేళకు వరుస పొడవుగా ఉంటుంది. రవాణాకు కూడా ముందుగా పాసు కొనవలసిన అవసరం అన్నిచోట్లా లేదు. లండన్‌లో ఒకే కార్డుతో చెల్లిస్తూ పోతే, ఒక రోజులో ఒక పరిమితికి మించి తీసుకోరు.

సెలవు రోజులను మాత్రం ముందే చూసుకోండి. పారిస్‌లోని ప్రదర్శనశాలల్లో లూవ్ర్ మంగళవారం, ఓర్సే సోమవారం మూసి ఉంటాయి. వాటికన్ మ్యూజియాలకు నెలలో చివరి ఆదివారం తప్ప మిగిలిన ఆదివారాలు సెలవు. మీది వారాంతపు యాత్ర కనుక ఈ చివరి సంగతి వంటిదే మీకు అడ్డు తగలవచ్చు. ప్రవేశ సమయం నిర్ణయించి ఇచ్చే టికెట్లను విమానం ఖరారైన రోజే కొనుక్కోండి.

మరొక సభ్యుని మాట:

పై సలహాలకు రెండు విషయాలు కలుపుతాను. విదేశీ నగరమైతే, కార్డుతో చెల్లించేటప్పుడు యంత్రం మన కరెన్సీలో తీసుకోమంటారా అని అడుగుతుంది. అక్కడి కరెన్సీనే ఎంచుకోండి, ఎందుకంటే మన కరెన్సీలోకి మార్చే రేటు సాధారణంగా మనకు నష్టంగానే ఉంటుంది. అలాగే ఐరోపాలోని చాలా నగరాల్లో రాత్రికి ఇంతని పర్యాటక పన్నును హోటలులో విడిగా వసూలు చేస్తారు కనుక, దానిని అద్దెలో కలిపి లెక్కించండి.

ఆదివారం ఉదయం గది ఖాళీ చేశాక, రాత్రి వరకు సామాన్లు ఉంచుకుంటారా అని బుక్ చేసే ముందే హోటలువారిని అడగండి. కుదరదంటే స్టేషన్‌లో సామాన్లు భద్రపరిచే చోటు ఉందేమో చూసుకోండి. అదీ లేకపోతే, పెట్టెలు ఈడ్చుకుంటూ ప్రదర్శనశాలలకు వెళ్లలేరు కనుక, మీ ఇరవై గంటల్లో సగం అక్కడే చేజారుతుంది.