పాత బ్రిటిష్ ధారావాహికల్లో గది లోపలి బొమ్మ ఒకలా, వీధిలో బొమ్మ మరోలా ఎందుకుంటుంది?

గౌతమీ తీరం (ప్రశ్న)

మా నాన్నగారు అమలాపురం దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు ఉపాధ్యాయుడిగా పనిచేసి విరమించారు. 1980లలో లీడ్స్‌లో వైద్యుడిగా ఉన్న మా మేనమామ సెలవులకు వచ్చినప్పుడల్లా అక్కడి టీవీ కార్యక్రమాలను వీహెచ్ఎస్ క్యాసెట్లలోకి ఎక్కించి పట్టుకొచ్చేవారు. మాకు వీసీఆర్ లేదు. అమలాపురంలో అద్దెకు తీసుకుని, దుప్పట్లో చుట్టి, రిక్షాలో ఒళ్లో పెట్టుకుని ఇంటికి తెచ్చుకునేవాళ్లం. తెల్లారి తొమ్మిదింటికల్లా తిరిగి అప్పగించాలన్నది షరతు కనుక రాత్రంతా మేలుకుని చూసేవాళ్లం. 'ఫాల్టీ టవర్స్', 'ఎస్ మినిస్టర్', 'డాడ్స్ ఆర్మీ' మా ఇంట్లోకి అలా వచ్చాయి. అరుగు మీద చేరిన పెద్దలకు 'ఎస్ మినిస్టర్'లో మంత్రి దగ్గరి పెద్ద అధికారి సర్ హంఫ్రీ మాట్లాడే ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. నాన్నగారు టేపు ఆపి, "మంత్రిగారు అడిగిన పని ఎందుకు జరగకూడదో చెబుతున్నాడు" అనగానే, పట్టా కోసం తాలూకా కచేరీ చుట్టూ తిరిగిన వాళ్లందరూ మాత్రం మనసారా నవ్వేవారు.

ఈ మధ్య నాన్నగారికి శుక్లాల ఆపరేషన్ జరిగింది. ఆయనకు కాలక్షేపంగా ఉంటుందని ఆ కార్యక్రమాలనే మళ్లీ పెడుతున్నాను. చిన్నప్పుడు గమనించని సంగతి ఒకటి ఇప్పుడు కళ్లకు కట్టినట్టు కనిపిస్తోంది. 'ఫాల్టీ టవర్స్'లో హోటల్ యజమాని బాసిల్ ఫాల్టీ హోటల్ లోపల తిరుగుతున్నంతసేపూ బొమ్మ వెలుతురుగా, నున్నగా, పక్క గదిలో జరుగుతున్నట్టే ఉంటుంది. అదే మనిషి రోడ్డు మీద ఆగిపోయిన ఎర్ర ఆస్టిన్ కారును చెట్టు కొమ్మతో చితకబాదే చోట బొమ్మ ఒక్కసారిగా మసకబారి, చుక్కలు చుక్కలుగా మారి, పాత సినిమాలా అయిపోతుంది. అప్పట్లో క్యాసెట్టు అరిగిందనుకున్నాను. ఇప్పటి శుభ్రమైన ప్రతిలోనూ అదే తేడా ఉంది. ఇది లోపమా, కావాలని చేసినదా? పైగా ఆ నిర్మానుష్యమైన రోడ్డు మీద జనం నవ్వు ఎలా వినబడుతోంది? అది అతికించిన నవ్వేనా?

కాకినాడ రేడియో షాపు

మీ కంటికి కనిపించిన తేడా నిజమైనదే, క్యాసెట్టు తప్పేమీ లేదు. ఆ రోజుల్లో బీబీసీ హాస్య ధారావాహికల్లో గది లోపలి దృశ్యాలను స్టూడియోలో వీడియో కెమెరాలతో తీసేవారు, బయటి దృశ్యాలను 16 మిల్లీమీటర్ల ఫిల్ము మీద తీసేవారు. వీడియో కెమెరా సెకనుకు 50 ఫీల్డులు పడుతుంది; అంటే బొమ్మలోని బేసి గీతలను ఒక విడత, సరి గీతలను మరొక విడత, సెకనులో యాభయ్యో వంతు ఎడంతో నమోదు చేస్తుంది. ఫిల్ము కెమెరా అక్కడి టీవీ కోసం సెకనుకు 25 బొమ్మలే తీసేది. బాసిల్ చెయ్యి విసిరాడనుకోండి, వీడియోలో ఆ విసురు రెట్టింపు మెట్లలో నమోదవుతుంది కనుక కదలిక జారుడుగా ఉంటుంది, ఫిల్ములో కాస్త తెగినట్టు ఉంటుంది. దానికి తోడు స్టూడియోలో ఏ కెమెరాకూ నీడ పడకుండా పైనుంచి దీపాలన్నీ ఒకేసారి వేస్తారు. బయట మబ్బు పట్టిన ఇంగ్లండు వెలుతురే గతి.

బయట కూడా వీడియోతోనే ఎందుకు తీయలేదని అడగవచ్చు. స్టూడియో కెమెరా బండలాంటిది, లావుపాటి కేబులుతో కంట్రోలు గదికి కట్టేసి ఉంటుంది. దాన్ని వీధిలోకి తీసుకెళ్లాలంటే పెద్ద వ్యాను కదలాలి, ఆ వ్యాన్లకు ఆటల పోటీల ప్రసారాలతోనే సరిపోయేది. ఫిల్ము కెమెరానైతే ఒక మనిషి భుజాన వేసుకుని వెళ్లిపోతాడు. తేలికపాటి వీడియో కెమెరాలు వచ్చాక, 1980లలో, ఈ తేడా క్రమంగా తగ్గింది. అప్పటి వాళ్లకూ ఇది తెలియనిదేమీ కాదు: 'మాంటీ పైథాన్' అనే హాస్య బృందం ఒక ఘట్టంలో గది తలుపు తీసి బయటికి చూసి, అయ్యో, మన చుట్టూ అంతా ఫిల్మే ఉందని హడలిపోయి వెనక్కి వస్తారు.

నవ్వు నిజమైనదే. బయటి దృశ్యాలను ముందుగా తీసి, కూర్చి, స్టూడియోలో రికార్డింగు జరిగే సాయంత్రం ప్రేక్షకులకు టీవీ తెరల మీద చూపించేవారు. మీకు వినబడుతున్నది ఆ హాలులో కూర్చున్న వాళ్ల నవ్వు.

మీ మేనమామగారి క్యాసెట్లు ఇక్కడ ఇబ్బంది లేకుండా ఆడటానికి కారణం, 625 గీతలు, 50 ఫీల్డులు, పాల్ రంగుల పద్ధతి రెండు దేశాల్లోనూ ఒకటే కావడం. టీవీ సెట్టునే మోసుకొచ్చిన వారి కథ వేరు. ప్రసారంలో ధ్వనికి, బొమ్మకు మధ్య ఎడం అక్కడ 6 మెగాహెర్ట్జ్, మన దగ్గర 5.5 మెగాహెర్ట్జ్. అందువల్ల లండన్ సెట్టులో మన దూరదర్శన్ బొమ్మ వచ్చినా, మాట మాత్రం వచ్చేది కాదు. అలాంటి సెట్టు ఒకటి మా షాపుకు వస్తే, తెచ్చినాయన ఎంతో ఆవేదనతో "దొరల టీవీ కదండీ, దీనికి తెలుగు రాదేమో" అన్నారు. ధ్వని భాగంలో కాయిలు మళ్లీ సరిచేశాక దానికి తెలుగు వచ్చింది.

పాలకొల్లు ప్రాంప్టర్

షాపుగారు యంత్రం సంగతి చెప్పారు. పరిషత్తు నాటికలకు ఏళ్ల తరబడి తెర పక్కన నిలబడి మాట అందించినవాడిగా నాకు తోచింది చెబుతాను. స్టూడియోలో తీసిన భాగమంతా నిజానికి నాటకం. రెండు మూడు గదుల సెట్లు వరుసగా వేసి, వాటికి ఎదురుగా ప్రేక్షకులను కూర్చోబెట్టి, దాదాపు నాటకం ఆడినట్టే వరుసక్రమంలో ఒక సాయంత్రంలో ముగించేవారు. అంతకు ముందు కొన్ని రోజుల పాటు రిహార్సలు ఉండేది. బీబీసీ వారికి లండన్ పశ్చిమాన ఆక్టన్‌లో రిహార్సలు గదుల కోసమే 1970లో కట్టిన భవనం ఒకటి ఉండేది. అక్కడ గోడలుండవు, గోడ ఎక్కడ ఉండాలో నేల మీద రంగు టేపుతో గీత అంటిస్తారు. మేము బడి వరండాలో సుద్దముక్కతో గీసేవాళ్లం, అంతే తేడా. ఆ గీతను తొక్కిన నటుణ్ణి మా దర్శకుడు "గోడలోంచి నడిచిన మహానుభావా" అని వెనక్కి పిలిచేవారు.

అందుకే 'ఫాల్టీ టవర్స్'లో హాస్యం మాటల్లో ఎంత ఉందో తలుపుల్లోనూ అంతే ఉంది. ఆసుపత్రిలో ఉన్న భార్య దుప్పి తలను గోడకు తగిలించమని ఫోనులో పోరు పెడుతుంది. బాసిల్ మేకు కొట్టబోతాడు, ఫోను మోగుతుంది. దించి, పరుగెత్తి వచ్చి ఎత్తితే అడుగుతున్నది ఆవిడే: తగిలించావా అని. చేస్తున్న పని ఆపి, ఆ పని చెయ్యమన్న మాట వినడానికి వచ్చాడన్నమాట! చివరికి తగిలించిన తల వచ్చి అతని మీదే పడుతుంది. ఫోను బల్లకు, గోడకు మధ్య ఎన్ని అడుగులుండాలో ముందే లెక్కగట్టనివాడు ఈ ఘట్టం రాయలేడు. జాన్ క్లీజ్, కొనీ బూత్ కలిసి రాసినవి మొత్తం 12 భాగాలే, 1975లో ఆరు, 1979లో ఆరు. ఆ రెండు విడతల మధ్యకాలంలో ఆ దంపతులు విడాకులు కూడా తీసుకున్నారు, అయినా కలిసి కూర్చుని రెండో విడత రాశారు. మన రచయితలు వారానికి అయిదు రోజుల చొప్పున ఏళ్ల తరబడి సీరియళ్లు లాగుతుంటే నాకు ఆ పన్నెండే గుర్తుకొస్తాయి.

'ఐ, క్లాడియస్' చూడకపోతే తప్పక చూడండి. 1976 నాటిది. రోము సామ్రాజ్యం మొత్తాన్ని స్టూడియో గోడలు దాటకుండా చూపించారు. గ్లాడియేటర్ల కత్తియుద్ధాలు జరిగేటప్పుడు మనకు కనిపించేది రాజకుటుంబం కూర్చున్న చోటు మాత్రమే. వేలమంది జనం కేక రూపంలోనే ఉంటారు. తెర వెనుక నలుగురం అరిచి దండయాత్ర నడిపిన మాకు ఆ కిటుకు చూసి ఎంత ఆనందం కలిగిందో చెప్పలేను.

భీమవరం అధ్యాపకురాలు

ప్రాంప్టర్ గారి మాటను కాదనను గానీ, పాతవన్నీ బంగారమనే ధోరణికి కాస్త అడ్డు తగులుతాను. మనం చూస్తున్నది జల్లెడలో మిగిలినదే. అప్పట్లో రెండు అంగుళాల వెడల్పున్న వీడియో టేపు చాలా ఖరీదు, అందుచేత ఒకసారి ప్రసారమైన కార్యక్రమాన్ని చెరిపి అదే టేపు మీద మరొకటి రికార్డు చేసేవారు. దాచిపెట్టాలనే పద్ధతి బీబీసీలో 1978 ప్రాంతానికి గానీ స్థిరపడలేదు. 'డాడ్స్ ఆర్మీ' 80 భాగాల్లో మూడు ఇప్పటికీ లేవు. 1963లో మొదలైన 'డాక్టర్ హూ' భాగాలు 90కి పైగా దొరకలేదు. పరదేశాలకు అమ్మిన ఫిల్ము ప్రతుల్లో కొన్ని మిగిలిపోయి, 2013లో నైజీరియా నుంచి వచ్చిన తొమ్మిది భాగాలు బయటపడ్డాయి. పోయినవాటిలో చెత్త ఎంతో, రత్నాలెన్నో ఎవరు చెప్పగలరు?

రెండోది నాకు ముల్లులా గుచ్చుకునేది. మీ మేనమామగారు 'మైండ్ యువర్ లాంగ్వేజ్' తేలేదా? 1977 నుంచి 1979 వరకు ఐటీవీలో వచ్చింది. లండన్‌లో వలస వచ్చినవారికి ఇంగ్లీషు నేర్పే సాయంకాలపు తరగతి కథ. మా ఇంట్లో పడీపడీ నవ్వేవాళ్లం. నేను ఇంగ్లీషు పాఠం చెప్పడం మొదలుపెట్టాక, పల్లెల నుంచి బస్సెక్కి వచ్చిన పిల్లలు నోరు తెరవడానికి భయపడుతుంటే, ఆ తరగతిలో వెనుక బెంచీ మీద కూర్చున్నది మనవాళ్లేనని తట్టింది. జపానువాడంటే వంగి వంగి నమస్కారాలు, ఫ్రెంచి అమ్మాయంటే వగలు. ఒక్కొక్క దేశానికి ఒక్కొక్క వెకిలి ముద్ర. దాన్నే 1993లో పంకజ్ కపూర్ ప్రధాన పాత్రగా 'జబాన్ సంభాల్ కే' పేరుతో హిందీలో తీస్తే, మనం మనల్నే వెక్కిరించుకున్నాం. 'ఎస్ మినిస్టర్' అలా కాదు, అది పైవాణ్ణి చూసి నవ్విస్తుంది. అప్పటి బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్‌కు అది ఎంతో ఇష్టమని చెబుతారు. ఆవిడ ఎక్కడ నవ్వేవారో నాకు ఆసక్తిగానే ఉంటుంది.

నా మటుకు నాకు జెరెమీ బ్రెట్ నటించిన షెర్లాక్ హోమ్స్ మిన్న. గ్రనాడా సంస్థ 1984 నుంచి 1994 వరకు 41 భాగాలు తీసింది. అందులో ఈ లోపలా బయటా తేడా కనిపించదు. ఎందుకో షాపుగారే చెప్పాలి.

కాకినాడ రేడియో షాపు

అది మొదటి నుంచి చివరి వరకు ఫిల్ము మీదే తీశారు, అమ్మా. స్టూడియోలో ప్రేక్షకులు లేరు, నవ్వూ లేదు. ఇంకో లాభం కూడా ఉంది: వీడియో టేపు మీద ఉన్నది ఎంత తుడిచినా 625 గీతల దగ్గరే ఆగిపోతుంది, ఫిల్ములో అంతకు మించిన వివరం ఉంటుంది కనుక దాన్ని కొత్తగా స్కాన్ చేస్తే ఈనాటి పెద్ద తెర మీద కూడా నిలుస్తుంది. హోటల్ బయట మసకగా ఉందని గౌతమీ తీరం గారు చిన్నచూపు చూసిన ఆ చుక్కల బొమ్మకే, దాని అసలు ఫిల్ము మిగిలి ఉంటే, నిజానికి సరుకు ఎక్కువ.

గౌతమీ తీరం

అందరికీ కృతజ్ఞతలు. ఈ సమాధానాలన్నీ నాన్నగారికి చదివి వినిపించాను. అధ్యాపకురాలి గారి మాటకు కాసేపు మౌనంగా ఉండి, ఆ క్యాసెట్టు కూడా మన ఇంట్లో ఉండేదని, తాను తరగతిలో ఒకటి రెండుసార్లు ఆ యాస అనుకరించి పిల్లలను నవ్వించిన మాట నిజమేనని ఒప్పుకున్నారు.

రాత్రి మళ్లీ 'ఫాల్టీ టవర్స్' పెట్టాను. ఆయన కుడి కంటికి ఇంకా కట్టు ఉంది, ఎడమ కంట్లో శుక్లం అలాగే ఉంది కనుక తెర మీద ఆయనకు కనిపించేది పొగమంచే. నేను నోరు తెరవకముందే, "ఇదిగో, బయటికి వచ్చారు" అన్నారు. ఎలా తెలిసిందని అడిగితే, మాటల వెనుక ఉన్న గది మోత పోయిందనీ, నవ్వు మాత్రం ఆ హాల్లోనే ఉండిపోయిందనీ చెప్పారు. ఆ తర్వాత ప్రతి తలుపు దగ్గరా చెవి ఒగ్గి చెబుతూ వచ్చారు, ఒక్కసారి కూడా తప్పలేదు. పదకొండు దాటింది, ఇక పడుకుందామన్నాను.

"తెల్లారి తొమ్మిదింటికి అప్పగించాల్సింది ఏమీ లేదుగా, ఇంకొకటి వెయ్యి" అన్నారు.