తాబేలు గుడ్లు హేచరీకి మార్చాలా, ఉన్నచోటే వదిలేయాలా?

రుషికొండ రవ్వ: ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టే సీజన్ వచ్చేసింది. సాగర్‌నగర్ వైపు కనబడ్డ ప్రతి గుంటా తవ్వి, గుడ్లు మన ప్రకృతి సంఘం హేచరీకి, అంటే పిల్లలయ్యేదాకా గుడ్లు పాతి కాపాడే కంచెలోకి మార్చాలా వద్దా అన్నది ఆదివారం మీటింగ్‌లో తేలలేదు. కుక్కలూ లైట్లూ లేనిచోట కదపొద్దని నా మాట.

సాగర్‌నగర్ శ్రీను: కుక్కల్లేని చోటు వైజాగ్‌లో ఎక్కడుంది గురూ?

లెక్కల మాస్టారు: శ్రీను అన్నదే నిజం. పోయిన మార్చిలో జోడుగుళ్లపాలెం దాటాక ఒక గుంట చూశాను. ఇసుకంతా కెలికేసి ఉంది. గుడ్డు పెంకులు తడిసిన కాగితాల్లా ముడుచుకుపోయి, చుట్టూ కుక్క కాళ్ల గుర్తులు. గుంటకి వంద, నూట ఇరవై గుడ్లుంటాయి, ఒక్కటీ మిగల్లేదు. బతికి బయటపడ్డ పిల్లలైనా బీచ్ రోడ్డు వెలుగు చూసి సముద్రం అనుకుని అటే పాకుతాయి. మార్చాల్సిందే.

రుషికొండ రవ్వ: ఎప్పుడు మారుస్తున్నాం, అది చెప్పండి. పెట్టిన కొన్ని గంటలకే పిండం పెంకు లోపలి పొరకి అతుక్కుంటుంది. ఆ తర్వాత గుడ్డు దొర్లితే చచ్చిపోతుంది. అర్ధరాత్రి పెట్టిన గుడ్లని మనం టీలు తాగి ఏడింటికి తవ్వి, బకెట్లో వేసి బైక్ మీద తెస్తున్నాం.

లెక్కల మాస్టారు: బైక్ ఒక్కసారే. బకెట్లో ఇసుక వేశాం.

రుషికొండ రవ్వ: సగమే.

లెక్కల మాస్టారు: సగానికి పైనే.

మర్రిపాలెం మామ: బకెట్ రంగు కూడా చెప్పండి బాబూ.

పేట కుర్రాడు: మీ బకెట్ గొడవ తర్వాత. ఆ బైక్ మీద తెచ్చిన గుడ్ల గుంట చూపించింది మా నాన్న. పడవ దించుతూ తాబేలు జాడ చూశాడు. కర్ర పాతి, పాత వల ముక్క కప్పి, వేటకి పోకుండా కాపలా కూర్చున్నాడు. సంఘం టీషర్టు వేసుకున్న ఒకాయన వచ్చి "గుడ్లు ఎత్తుకుపోతున్నావా" అని వీడియో తీశాడు. తర్వాత మీరు పెట్టిన గ్రూప్ ఫొటోలో ఆ కర్ర ఉంది, మా నాన్న లేడు.

లెక్కల మాస్టారు: ఒకడు నోరు జారితే సంఘాన్నంతా అంటావా తమ్ముడూ? 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో తాబేలు షెడ్యూల్ 1, అంటే గట్టి రక్షణ ఉన్న జంతువు, గుంట కెలికినా నేరమే. అడగడం తప్పా? అయినా ఒడ్డుకి కొట్టుకొచ్చే చచ్చిన తాబేళ్లు ఎవరి వలల్లోవి?

పేట కుర్రాడు: ట్రాలర్లవి సార్. తాబేలు తప్పించుకునే టెడ్ జాలీ బిగించాల్సింది వాళ్ల వలకి. మాది చిన్న ఫైబర్ పడవ. వేట నిషేధమా, ఏప్రిల్ 15న మొదలవుతుంది. అప్పటికి తాబేళ్లు గుడ్లు పెట్టడం దాదాపు అయిపోతుంది. ఆ రెండు నెలలూ ఇంట్లో కూర్చునేది మేం. కెలికితే నేరమన్నారుగా, మరి మీకు పర్మిషన్ ఎవరిచ్చారు? అటవీశాఖ. మా నాన్న పేరు మీద ఎందుకు అడగరు?

సాగర్‌నగర్ శ్రీను: +1

రుషికొండ రవ్వ: మాస్టారూ, రాత్రి రెండింటికి తీరంలో ఉండేది వాళ్లే, మనం కాదు. గుడ్లు దొర్లకముందే మార్చాలన్నా, కదపకుండా కాపలా కాయాలన్నా వాళ్లే కావాలి.

లెక్కల మాస్టారు: అంటే సంఘం మూసేసి వాళ్ల చేతికిచ్చేద్దామా? తొమ్మిదేళ్లు సొంత పెట్రోలు పోసుకుని తిరిగాను. నా ఫొటో ఎవడైనా పెట్టాడా?

పేట కుర్రాడు: మూసేయమని ఎవరన్నారు సార్? మీ ఫొటోలో మా నాన్నకి చోటు అడిగాను, అంతే. ఈ శనివారం రాత్రి ఒంటిగంటకి పేటకి రండి. ఆయనే తిప్పుతాడు.

లెక్కల మాస్టారు: వస్తాను. ఇసుక మాత్రం సగానికి పైనే.