రాడార్ ట్రాన్స్‌మిటర్ ఎకో కర్వ్‌లో కొత్త పీక్: మ్యాపింగ్ మళ్లీ చేయాలా?

నమస్కారం అండి. విశాఖలో పరవాడ వైపు ఒక ప్లాంటులో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌ని. వేడి నీళ్ల ట్యాంకు మీద నీటి మట్టం కొలిచే 80 గిగాహెర్ట్జ్ రాడార్ ట్రాన్స్‌మిటర్ ఉంది. పగలు బాగానే ఉంటుంది. తెల్లవారుజామున మాత్రం ఉన్నట్టుండి ట్యాంకు నిండినట్టు చూపించి, కాసేపటికి దానంతట అదే సర్దుకుంటుంది. అప్పుడు స్టేటస్ ‘మెయింటెనెన్స్ రిక్వైర్డ్’ అని వస్తోంది. ఫెయిల్యూర్ కాదు కాబట్టి సిగ్నల్ కరెంటు లోపాన్ని సూచించే 21 మిల్లీఆంప్స్‌కి పోదు, కంట్రోల్ రూమ్ వాళ్లు నిజంగానే నిండిందనుకుని ఇన్‌లెట్ వాల్వ్ మూసేస్తున్నారు.

సిమ్యులేషన్‌లో 4, 12, 20 మిల్లీఆంప్స్ (ఖాళీ, సగం, నిండు) ఇచ్చి చూశాను, కంట్రోల్ రూమ్‌లో సరిగ్గానే పడింది. కాబట్టి లూపు (కంట్రోల్ రూమ్ దాకా వెళ్లే సిగ్నల్ లైను) మీద అనుమానం లేదు. ఎకో కర్వ్ (తిరిగొచ్చిన సిగ్నల్ ఏ దూరంలో ఎంత బలంగా ఉందో చూపే గ్రాఫ్) తీస్తే నాజిల్ (ట్యాంకు పైన రాడార్ బిగించిన గొట్టం) దగ్గర ఒక పీక్ కనిపించింది. కమిషనింగ్ అప్పుడు (మొదట బిగించి నడిపించినప్పుడు) సేవ్ చేసిన కర్వ్‌లో అది లేదు. అసలు లెవెల్ ఎకో కూడా బలహీనపడింది. యాంటెన్నా మీద ఆవిరి చెమ్మ పేరుకుంటోందేమో. పైగా వైజాగ్ ఉక్క సంగతి తెలిసిందే కదా!

మా సీనియర్ గారు ఫాల్స్ ఎకో మ్యాపింగ్ (తప్పుడు ఎకోల్ని గుర్తు పెట్టుకుని పట్టించుకోకుండా చేయడం) మళ్లీ చేసేయమంటున్నారు. అందుకోసం ట్యాంకు ఖాళీ చేద్దామంటే చేయనివ్వరు. నీటి మట్టానికి కాస్త పైదాకా దూరం ఇచ్చి మ్యాప్ చేయొచ్చు, నిజమే. కానీ వచ్చిపోయే చెమ్మని మ్యాప్ చేస్తే, రేపు నిజంగా నిండినప్పుడు ఆ ఎకోని కూడా దాచేస్తుందేమోనని నా టెన్షన్. యాంటెన్నా తుడిచి చూడటమే ముందా? సిగ్నల్ బలం పడిపోతుంటే ముందే అలారం వచ్చేలా ఎవరైనా పెట్టుకున్నారా? ఎలా పెట్టారో చెప్పగలరు.