చీము కారే చెవులకు బోన్‌బ్రిడ్జ్ (ఎముక ద్వారా వినిపించే మిషన్) పెట్టించుకున్నోళ్లు ఎవరన్నా ఉన్నారా?

అందరికీ నమస్తే. మాది ప్రొద్దుటూరు. మా నాయనకు 58 ఏళ్లు, రెండు చెవులూ ఏళ్లతరబడి చీము కారతాయి. మామూలు వినికిడి మిషన్ పెడితే చెవి మూసుకుపోయి మళ్లీ కారుడే. తీసి జేబులో వేసుకుంటాడు, టీవీ మోత మాత్రం వీధి చివరిదాకా!

డాక్టరు బోన్‌బ్రిడ్జ్ అన్నారు. లోపలి భాగం చెవి వెనక చర్మం కింద, ఎముకలో అమరుస్తారు. బయటి ప్రాసెసర్ (శబ్దం పట్టే ముక్క) అయస్కాంతంతో అతుక్కుంటుంది. ఎముక ద్వారా వినికిడి పరీక్షలో 45 డెసిబెల్స్ లోపు ఉండాలట (అంకె తక్కువైతే వినికిడి మేలు), నాయనది 35.

ముందే తలకు బ్యాండ్‌తో మిషన్ కట్టి విని చూడొచ్చంట కదా, ఆపరేషన్ తర్వాత దానికీ దీనికీ తేడా ఎంత? తలగుడ్డ, మే నెల చెమట, హెల్మెట్‌తో బయటి ముక్క నిలుస్తుందా? రేపు ఎమ్మారై తీయాల్సొస్తే? పెద్దోళ్లకు ఎన్టీఆర్ వైద్యసేవలో వస్తుందా, సొంత డబ్బేనా? వాడేవాళ్లే చెప్పండి, కంపెనీవాళ్ల మాటలు చాలా విన్నాం.